ఎండిన ఏటిని చదవడం

(గోరంట్లలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ రోజు మనం స్మరించుకుంటున్న మాస్టారు బతికినంతకాలం పిల్లలకు చదువు చెప్పారు. ఆయన చదువు చెప్పిన ఊరు చిత్రావతి ఒడ్డున ఉంది. ఈ రెండూ కలిసేచోట నిలబడి మాట్లాడడమే ఆయనకు తగిన గౌరవమని నాకు తోచింది. పిల్లలకు నది గురించి ఎలా చెప్పాలి? అందులోనూ ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లు కనపడని నది గురించి ఎలా చెప్పాలి?

నా మాట ముందే చెప్పేస్తాను. ఎండిన ఏరు కూడా ఏరే. మన పిల్లలకు దాన్ని ఎండినప్పుడే చదవడం నేర్పాలి. పాఠ్యపుస్తకాల్లో నది బొమ్మ ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది: ఒక కొండ, దానిమీంచి దిగే నీలిగీత, ఒక పడవ, చివర పచ్చటి వరి మళ్లు. ఆ బొమ్మ చూసిన గోరంట్ల పిల్లవాడు బడి వదిలాక చిత్రావతిని చూస్తే, తన ఊళ్లో ఉన్నది నది కాదనుకుంటాడు. వాడికది ట్రాక్టర్లు ఇసుక ఎత్తుకుపోయే చోటు, కోళ్లంగడి వాళ్లు చెత్త పారబోసే చోటు, సెలవు రోజున క్రికెట్ ఆడుకునే చోటు. నదే కాదనుకున్నదాన్ని రేపు పెద్దయ్యాక కాపాడాలని వాడికి ఎందుకు అనిపిస్తుంది?

చిత్రావతి కర్ణాటకలో చిక్కబళ్లాపురం కొండల్లో పుడుతుంది. బాగేపల్లి మీదుగా మన వైపు దిగి, గోరంట్ల, పుట్టపర్తి, బుక్కపట్నం, ధర్మవరం ప్రాంతాలు దాటి, పార్నపల్లి దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్లో ఆగి, కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. పెన్న కూడా అక్కడి నంది కొండల బిడ్డే. 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లాలో సముద్రం చేరుతుంది. అంటే మన ఏట్లో పడిన చినుకు, దారిలో ఎవరూ ఆపకపోతే, బంగాళాఖాతం దాకా పోతుంది. ఈ ఒక్క సంగతి పటం మీద వేలు పెట్టి చూపిస్తే చాలు, మన పిల్లలకు సముద్రం అంత దూరం అనిపించదు.

మనకు ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అక్కడే పిండేసుకుంటాయి. ఈశాన్య రుతుపవనం తీరం దాటి మన దాకా వచ్చేసరికి బలం తగ్గుతుంది. నీటిని ఆవిరి చేసే ఎండ శక్తి వానకు మూడింతలకు పైనే. ఇలాంటి నేలమీద ఏరు ఎప్పుడూ పారాలని కోరుకోవడం తప్పు. ఈ ఏటి స్వభావమే కొన్నాళ్లు పారి, ఎక్కువ రోజులు ఇసుక కింద దాక్కోవడం. 2021 నవంబరు గుర్తుచేసుకోండి. ఆ నెల 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి వరదలో చిక్కుకున్న పదిమందిని వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి పైకి లాగింది. ఎండిందనుకున్న ఏటిలోకే ఆకాశం నుంచి తాడు దించవలసి వచ్చింది. ఆ రోజు టీవీలో చూసిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. ఆ నీళ్లన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి, ఎక్కడికి పోయాయి అని వాళ్లను ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా?

పాఠం ఇసుకతో మొదలుపెట్టాలని నేనంటాను. ఒక డబ్బా నిండా ఎండిన ఏటి ఇసుక పోయండి. గ్లాసుతో కొలిచి నీళ్లు పోస్తూ పొండి, పైకి తేలేదాకా. డబ్బా కొలతలో దాదాపు మూడో వంతు నీళ్లు అందులో ఇమిడిపోతాయి. నిండుగా ఉన్న డబ్బాలో ఇంత చోటు ఎక్కడ ఉందని పిల్లలు నోళ్లు తెరుస్తారు. తర్వాత ఆ డబ్బా అడుగున రంధ్రం పెట్టి, ఎన్ని గ్లాసులు తిరిగి వచ్చాయో, ఎన్ని ఇసుక పట్టుకుందో కొలిపించండి. ఇసుక రేణువుల మధ్య ఉండే ఆ ఖాళీలే మన ఏటి గిడ్డంగి. పై రెండు మూడడుగుల ఇసుక ఎండిపోయాక, అది కింది నీటికి ఎండ తగలకుండా కప్పుగా ఉంటుంది. అందుకే మన అవ్వలు వేసవిలో ఏట్లో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో తోడుకుని బిందె నింపుకునేవాళ్లు. ఏటి ఇసుకలోంచి పొడుగునా కాలువ తవ్వి, ఊరే నీటిని పొలాలకు మళ్లించే ఊటకాలువలు పెన్నా చిత్రావతుల వెంట ఉండేవి. ఏటా వరద పూడ్చిపోతే ఏటా ఊరంతా కలిసి మళ్లీ తవ్వుకోవాలి. ఆ పని చేసిన తరం ఇంకా ఇళ్లలో ఉంది. పిల్లల చేతికి నోటుపుస్తకం ఇచ్చి, ఇంట్లో అవ్వనూ తాతనూ చెలమ ఎక్కడ తవ్వేవాళ్లో, ఎన్ని మూరల లోతున నీళ్లు తగిలేవో అడిగి రాసుకురమ్మనండి. చరిత్ర, విజ్ఞానశాస్త్రం రెండూ ఆ ఒక్క పేజీలో దొరుకుతాయి.

ఇప్పుడు ఆ గిడ్డంగినే లారీల్లోకి ఎత్తుతున్నాం. ఇసుక పోతే నీటికి ఇల్లు పోయినట్టే. ఏటి ఒడ్డు బావులు ఎండితే బోర్లు వందల అడుగులు దిగుతాయి. ఆ లోతు బండల్లో నిలవున్న నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఈ జిల్లాలో పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు చూడని ఉపాధ్యాయుడు ఉండడు. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్లకు నీళ్లు చేర్చవలసి వచ్చిన కారణాల్లో ఇదీ ఒకటి. ఇసుకకూ పంటికీ ఉన్న ఈ సంబంధం ఏడో తరగతి పిల్లకు అర్థం కానంత కష్టమైందేమీ కాదు. 2002లోనే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. ఏటి నుంచి ఇసుక ఎంత, ఎక్కడ తీయాలో చెప్పే చట్టం అది. పదో తరగతి పౌరశాస్త్రంలో దాన్ని చదివించకుండా, ఎక్కడో ఉన్న చట్టాల పేర్లు బట్టీ పట్టించి ఏం లాభం?

ఈ గడ్డమీద నదికీ చెరువుకూ తేడా చెప్పడం కష్టం. నది అంటే ఇక్కడ గొలుసు చెరువులే. ఒక చెరువు మరవ పారితే ఆ నీళ్లు వంకలో పడి కింది చెరువుకు చేరతాయి. అది నిండి మరవ పారితే ఇంకో చెరువు. చివరికి మిగిలింది ఏట్లోకి. కాబట్టి మన పిల్లలకు నది వారసత్వం అంటే ముందు కట్ట, తూము, మరవ, ఆయకట్టు, వాటితో పాటు నీళ్లు పంచే నీరుగంటి. ఈ మాటలు పాఠ్యపుస్తకాల్లో అరుదుగానే కనపడతాయి. కానీ మన ఇళ్లలో ఇంకా బతికే ఉన్నాయి.

ఈ వారసత్వానికి రాతి సాక్ష్యాలు మనకు ఉన్నాయి. 1388లో విజయనగర యువరాజు రెండో బుక్కరాయలు పెనుకొండలో ఉండగా, పెన్న నీళ్లు పెనుకొండకు రావాలని ఆజ్ఞాపించాడు. ఆ పని అప్పగించింది సింగాయభట్టు అనే జలసూత్రానికి. ఆనాడు నీటి విద్య తెలిసిన పండితుణ్ని అలా పిలిచేవారు. ఆయన కల్లూడి దగ్గర నుంచి శిరువెర చెరువు దాకా కాలువ తవ్వించి, దానికి బుక్కరాయల పేరు మీదుగా ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టినట్టు గౌరిబిదనూరు ప్రాంతపు శాసనం చెబుతుంది. ఆరు వందల ఏళ్ల కిందట, మనకు ఆనుకుని ఉన్న నేల మీద, ఒక ఇంజనీరు పేరు రాతి మీద చెక్కారు. మన పిల్లలకు కాటన్ దొర పేరు తెలుసు, తెలియాలి కూడా. సింగాయభట్టు పేరు కూడా తెలియాలి.

అంతకన్నా నాకు ఇష్టమైన శాసనం కడప జిల్లా పోరుమామిళ్లది. శకవర్షం 1291, అంటే 1369. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువు కట్ట దగ్గర ఉంది. దాన్ని చెరువులు కట్టే విద్యకు పాఠ్యపుస్తకం అనాలి. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో ఉన్నాయి. అంగాల్లో కొన్ని ఇవి: పాథశ్శాస్త్రం, అంటే నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తీపినీళ్ల ఏరు, రెండు కొండల మధ్య కట్టిన మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, నిడుపాటి రాళ్లున్న గని, పని తెలిసిన మనుషుల గుంపు. దోషాల్లో కట్ట ఊరడం ఉంది, చౌడునేల ఉంది, చెరువు నడుమ మిట్ట ఉండడం ఉంది, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం ఉన్నాయి. రోజుకు వెయ్యిమంది మనుషులు, వంద బండ్లు రెండేళ్లు పనిచేస్తే అది పూర్తయిందని కూడా రాసి పెట్టారు. పిల్లలను మన ఊరి చెరువు కట్ట మీదికి తీసుకుపోయి, ఈ పన్నెండింటిలో మన చెరువుకు ఎన్ని ఉన్నాయో, ఆరింటిలో ఎన్ని పట్టుకున్నాయో వాళ్ల చేతనే మార్కులు వేయించండి. పరీక్ష పేపర్లో ఇంతకన్నా మంచి ప్రశ్న ఉండదు.

ఆరో దోషం ఒకటి కావాలని వదిలాను. రెండు రాజ్యాల ఎల్ల మీద ఉండడం చెరువుకు దోషమని ఆ శాసనం అంటుంది. చిత్రావతి ఒడ్డున పుట్టినవాళ్లకు ఈ మాట వివరించనక్కరలేదు. 1892లో మద్రాసు ప్రభుత్వం, మైసూరు సంస్థానం చేసుకున్న ఒప్పందంలో పెన్న, పాపఘ్నిలతో పాటు చిత్రావతి పేరు కూడా ఉంది. ఎగువన కొత్త కట్టడం కట్టాలంటే కిందివాళ్ల సమ్మతి ఉండాలన్నది ఆ ఒప్పందం సారాంశం. ఆ తర్వాత నూరేళ్లకు పైగా గడిచాక బాగేపల్లి దగ్గర పరగోడు ఆనకట్ట వచ్చినప్పుడు రెండు రాష్ట్రాల మధ్య ఎంత గొడవ జరిగిందో ఇక్కడున్న పెద్దలందరికీ తెలుసు. 1369లో ఒక పండితుడు రాతి మీద రాయించిన హెచ్చరిక మన కాలంలో మన ఏటి మీదే నిజమైంది. అయితే పిల్లలకు ఇది చెప్పేటప్పుడు అవతలివాళ్లను శత్రువుల్లా చెప్పవద్దని ఉపాధ్యాయులకు నా మనవి. బాగేపల్లి ఇళ్లలోనూ తెలుగే మాట్లాడతారు. వాళ్లకూ తాగునీళ్లు కావాలి.

నదిలో బతికే ప్రాణుల దగ్గరికి వస్తాను. మన పక్క మండలం చిలమత్తూరులో వీరాపురం ఉంది. ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీద, తుమ్మచెట్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుకుంటాయి. ఇళ్ల మీద రెట్ట పడుతుంది, చేపల కంపు కొడుతుంది. అయినా ఆ ఊరివాళ్లు ఒక్క గూటి మీద రాయి వేయనివ్వరు. అవి వస్తే ఊరికి మంచిదని వాళ్ల నమ్మకం. పత్రికలు వీటిని సైబీరియా పక్షులని రాస్తుంటాయి. అది సరికాదు. ఇవి మన ఉపఖండంలోనే పుట్టి, నీళ్లనూ చేపలనూ వెతుక్కుంటూ ఒక చెరువు నుంచి మరో చెరువుకు తిరిగే కొంగలు. ఇది చిన్న దిద్దుబాటులా కనపడుతుంది గానీ పిల్లలకు చాలా ముఖ్యం. సైబీరియా పక్షి అయితే దాని కష్టసుఖాలు సైబీరియావి. మన పక్షి అయితే దాని పిల్లలకు చేపలు దొరకాల్సింది మన చెరువుల్లో. కరువేళ చుట్టుపక్కల చెరువులు ఎండి, మేత చాలక అవి చచ్చిపడిన సంవత్సరాలు ఉన్నాయి. కొంగ కాళ్ల లోతు నీళ్లలోనే వేటాడుతుంది. అందుకే ఒక పెద్ద రిజర్వాయర్ కన్నా పది చిన్న కుంటలు దానికి ఎక్కువ మేలు. వీరాపురాన్ని చూపించడానికి తీసుకుపోయే ప్రతి బస్సూ తిరుగు దారిలో ఆ చెరువుల దగ్గర కూడా ఆగాలి. లేపాక్షి పక్కనే కాబట్టి బసవన్నను, వీరభద్రుడి గుడినీ చూపించి వెనక్కి వచ్చేస్తున్నాం. గుడి చరిత్ర, కొంగల బతుకు ఒకే నీటి మీద ఆధారపడ్డ సంగతి దారిలో ఎక్కడో జారిపోతోంది.

మన ఏట్లోనూ చూడాల్సినవి ఉన్నాయి. ఒడ్డు మట్టిలో బొరియ చేసుకుని పసిరిక పిట్ట గుడ్లు పెడుతుంది. తీతువు ఏ ఆచ్ఛాదనా లేకుండా ఇసుకా గులకరాళ్ల మీదే పెడుతుంది. కొర్రమీను నీళ్లు ఇంకుతుంటే బురదలో దూరి రోజులు గడుపుతుంది. ఒడ్డు పొడవునా ఒకప్పుడు మద్ది, నేరేడు, కానుగ ఉండేవి. ఇప్పుడు ఎక్కువ చోట్ల కంపచెట్టే, సర్కారు తుమ్మ. అది ఇక్కడిది కాదు. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి మొదట నాటింది మన కడప జిల్లా కమలాపురంలోనే. వంటచెరకు కొరత తీరాలని మంచి ఉద్దేశంతో తెచ్చారు. ఇప్పుడది చెరువు గర్భాలను, ఏటి ఒడ్డులను కమ్మేసింది. పిల్లలకు పర్యావరణం అంటే చెట్టు నాటడమే అని నేర్పిన మనం, ఏ చెట్టు, ఎక్కడ, ఎందుకు అన్నది కూడా నేర్పాలి. దానికి ఈ చెట్టు కథకు మించిన పాఠం లేదు.

మన ఊరి మాధవరాయస్వామి గుడి విజయనగర కాలపు శిల్పులు కట్టింది. ఆ కాలపు గుళ్లలో స్తంభాల మీద చేపలు, తాబేళ్లు, మొసలి నోటి మకరాలు తరచూ కనపడతాయి. మన గుడిలో ఏమేమి ఉన్నాయో పిల్లల చేత వెతికించి, బొమ్మలు గీయించి, వాటిలో ఏవి ఇప్పటికీ చిత్రావతిలోనో చెరువులోనో ఉన్నాయో రాయించండి. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం గారి 'పెన్నేటి పాట'ను పై తరగతుల పిల్లలు చదవాలి. తరగతి గదిలో కాదు, ఏటి ఇసుకలో కూర్చుని చదవాలి.

పర్యావరణం అన్ని తరగతుల్లో తప్పనిసరిగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. 2001-02 నుంచి జాతీయ హరిత దళం పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు పెట్టారు. బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి నడుస్తోంది. ఏర్పాట్లకు కొదవ లేదు. కానీ ఊళ్లల్లో జరిగేది చూస్తే మనసు కష్టపడుతుంది. మార్చి 22న జలదినోత్సవం. ఫ్లెక్సీ కడతారు, ర్యాలీ తీస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, ఫొటో తీసి పంపుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒంటిపూట బడులు మొదలై, ఎండ మండుతుంటుంది. పిల్లలు ఏటి వైపు కూడా పోరు. నీటిని కాపాడండి అన్న నినాదం ఒక పిల్లకు ఒక్క కొలతనూ నేర్పదు.

ఇతర దేశాల్లో చేసిన పనుల్లో ఒకటి చెబుతాను. అమెరికాలో పీట్ సీగర్ అనే గాయకుడు, ఆయన మిత్రులు కలిసి మురికిపట్టిన హడ్సన్ నది కోసం క్లియర్‌వాటర్ అనే తెరచాప ఓడ కట్టించి 1969లో నీళ్లలోకి దించారు. బడిపిల్లలను ఎక్కించుకుని, వల వేసి, దొరికిన చేపలను వాళ్ల చేతికిచ్చి, పరీక్షించి, మళ్లీ నదిలో వదిలేవారు. తర్వాత 2003 నుంచి ఆ నది పొడవునా ఉన్న బడుల పిల్లలు ఒకే రోజున తమతమ ఒడ్డున నీళ్లు కొలిచి, అందరి లెక్కలూ ఒకచోట చేర్చడం మొదలైంది. మనకు ఓడ నడిపేంత నీళ్లు లేవు. ఓడ వదిలేద్దాం. ఒకే రోజు అన్న ఆలోచన తీసుకుందాం.

మన దగ్గరే దానికి పునాది ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి బంజర్లను అడవి చేస్తూ, చెరువులు బాగుచేయిస్తూ, పిల్లలకు ప్రకృతి మధ్య బడి నడుపుతోంది. అనంతపురంతో సహా ఏడు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో 2000 తర్వాత ఒక పథకం జరిగింది. రైతులే వానమాపకాలు పెట్టుకుని, బావుల్లో నీటిమట్టం పదిహేను రోజులకోసారి కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్లెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలి అని లెక్క వేసుకున్నారు. అక్షరం రాని ఆడవాళ్లు కూడా ఆ బోర్డు మీద అంకెలు చెప్పారు. పెద్దవాళ్లు పొలంలో చేసిన ఆ పనిని పిల్లలు బడిలో చేయలేరా? ఆ పిల్లలే ఐదేళ్ల తర్వాత ఆ ఊరి రైతులు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుందని నాకు తెలుసు. హంద్రీనీవా కాలువలో కృష్ణ నీళ్లు గొల్లపల్లి రిజర్వాయర్ దాకా వచ్చాయి, ఇంక ఈ ఎండిన ఏటితో పనేమిటని. ఆ నీళ్లు రావడం నాకు సంతోషం. కానీ అవి శ్రీశైలం నుంచి కరెంటుతో ఎత్తి ఎత్తి తెచ్చిన నీళ్లు. పై నుంచి వదిలితేనే వస్తాయి. మన చెరువు గొలుసు తెగిపోతే, పడిన వానను పట్టుకునే చెయ్యి మనకు ఉండదు. కాలువ నీళ్లను నిలవపెట్టేది కూడా ఆ చెరువులే.

ఇంకొక మాట తల్లిదండ్రులకు. పిల్లలను ఏటికి తీసుకుపోతామంటే భయపడడం న్యాయమే. ఇసుక తవ్విన గుంటలు వాన పడ్డాక నీళ్లు నిండి, పైకి మోకాలి లోతులా కనపడతాయి. అలాంటి గుంటల్లో పిల్లలు మునిగిపోయారన్న వార్త చదవని ఏడాది లేదు. అందుకే పిల్లలకు ఏటిని నేర్పడం అత్యవసరం అంటున్నాను. ఎక్కడ గుంట ఉంది, ఎగువన వాన పడితే వరద ఎంతసేపటికి దిగుతుంది, ఏ రంగు నీళ్లు వస్తే ఒడ్డెక్కాలి అన్నది వాళ్లకు తెలిసి ఉండాలి.

ఈ సభ నుంచి పోయేముందు నేను అడిగేది ఇది. జూన్‌లో బడి తెరిచినప్పుడు ప్రతి హైస్కూలు ఆవరణలో ఒక వానమాపకం ఉండాలి. రోజూ ఉదయం చదివే పని వంతుల వారీగా పిల్లలదే. బడికి దగ్గర్లోని ఒక బావి, చెరువు కట్టకు ఒక కొలబద్ద, ఏట్లో ఒక చెలమ, ఈ మూడు చోట్ల మట్టం పదిహేను రోజులకోసారి రాయాలి. వరద రోజుల్లో ఎవరూ ఏట్లోకి దిగకూడదు. ఆసారి కాలమ్ ఖాళీగా వదిలేయవచ్చు. నవంబరులో వానలు తగ్గాక ఒక ఆదివారం బాగేపల్లి, గోరంట్ల, పుట్టపర్తి, ధర్మవరం, తాడిమర్రి పిల్లలు ఒకే పూట తమ ఊరి దగ్గర ఏటిని కొలిచి, ఆ లెక్కలు ఒకరికొకరు పంపుకోవాలి. ఒక్కో పుస్తకం కనీసం పదేళ్లు బడి బీరువాలో ఉండాలి. ప్రధానోపాధ్యాయులు మారినా బీరువా తాళంతో పాటు ఆ పుస్తకం కూడా అప్పగింతల్లో రాయించాలి. మాస్టారి పేరు మీద ఉన్న నిధిలోంచి వానమాపకాలు కొనవచ్చని కుటుంబసభ్యులు ఇప్పుడే వేదిక మీద చెప్పారు. బాగేపల్లి బడులతో మాట్లాడడానికి ఇక్కడి నుంచి ఇద్దరు ఉపాధ్యాయులు ముందుకొస్తే, మొదటి ఉత్తరం నేను రాస్తాను. సభ అయ్యాక పేర్లు ఇవ్వండి.